యూరో వెనుక నడచిన బాట

2002 జనవరి 1వ తేదీన ఐరోపాఖండమున పండ్రెండు దేశముల ప్రజల చేతికి ఒకే నాణెము వచ్చెను. అంతకు పదేండ్ల పూర్వము, 1992 ఫిబ్రవరి 7వ తేదీన, ఆ నాణెమునకు బీజావాపము చేసిన ఒడంబడికపై సంతకములు జరిగిన మాస్ట్రిక్ట్ నగరము హాలండు దేశపు దక్షిణాగ్రమున, జర్మనీ సరిహద్దునకు చేరువగా నున్నది. అచటికి జర్మనీలోని ఆఖెన్ పట్టణము సుమారు ముప్పది కిలోమీటర్ల దూరము. క్రొత్త నోట్లు వచ్చిన ఆ మాసమున ఆఖెన్ గృహస్థుడు తన జేబులోని పైకముతో మాస్ట్రిక్ట్ అంగడికి పోయి, మారకపు కొట్టు గడప త్రొక్కకయే, కావలసిన సరకును కొని తెచ్చుకొనగలిగెను. కాని అదే గృహస్థుడు అదే పైకమును తన బ్యాంకు ఖాతానుండి ఆ వర్తకుని ఖాతాకు పంపదలచినచో, సరిహద్దు యథాతథముగ నిలిచియుండెను. దేశాంతరమునకు నూరు యూరోలు పంపుటకు సగటున పదునేడు యూరోలకు పైగా ఖర్చగుచున్నదని 2001వ సంవత్సరమున ఐరోపా కమీషను జరిపించిన పరిశీలనలో తేలినది. స్వదేశమున నూరు క్రోసుల దూరమునకు ఉచితముగనో, నామమాత్రపు రుసుముతోనో పోవు పైకము, పొరుగూరికి పోవుటకు ఆరవవంతు సొమ్మును దారిలోనే పోగొట్టుకొనుచుండెను.

నాణెమును ఏకము చేయుట రాజశాసనమునకు లోబడిన కార్యము. ముద్రాక్షరశాలలు పనిచేసినవి, పాత నోట్లు రద్దయినవి, కొలది మాసములలో ప్రజలు అలవాటుపడిరి. చెల్లించు పద్ధతిని ఏకము చేయుట అట్లుగాదు. అది జనుల నమ్మకములతో, వాడుకలతో, తరతరములుగ గుమాస్తాలు నేర్చిన లెక్కలతో ముడివడిన వ్యవహారము. అందుచేతనే ఆ కార్యమునకు నోట్లు వచ్చిన పిదప మరి పండ్రెండేండ్లకు పైగా పట్టినది. ఆ పండ్రెండేండ్ల వృత్తాంతమున సేనానులు లేరు, ఉద్రిక్తసన్నివేశములు లేవు. అయినను యాబదికోట్ల ప్రజల దైనందిన జీవితమును సవరించిన కార్యము గనుక దానిని చరిత్రగా వ్రాసికొనుట కర్తవ్యమని నా తలంపు.

దూరమున నున్నవానికి నాణెములు మోయకయే ధనము చేర్చు విద్య ఐరోపాలో నేటిది కాదు. మధ్యయుగమున ఫ్రాన్సులోని షాంపేన్ సంతలకు వచ్చు ఇటలీ వర్తకులు, మన దేశమున కోమట్లు, సాహుకార్లు హుండీలు నడపినట్లే, మారకపు పత్రములు నడపిరి. 1609లో ఆమ్‌స్టర్డామ్ నగరమునందును, 1619లో హాంబర్గు నగరమునందును పురపాలకులు స్థాపించిన బ్యాంకులలో ఒక వర్తకుని పద్దునుండి వేరొక వర్తకుని పద్దునకు సొమ్ము కలముమొనతోనే మారుచుండెను. అయితే ఈ సౌకర్యము పెద్ద వర్తకులకే గాని సామాన్యునకు దక్కలేదు. సామాన్యునకు దానిని తెచ్చియిచ్చినది తపాలా కచ్చేరి. 1883వ సంవత్సరమున ఆస్ట్రియా దేశమున గేయోర్గ్ కోహ్ అను అధికారి ప్రారంభించిన తపాలా పొదుపు బ్యాంకులో, ఖాతాదారు తన ఊరి తపాలా కచ్చేరిలో ఒక చీటి నింపియిచ్చినచో వియన్నాలోని కేంద్ర కార్యాలయమున అతని పద్దులో తగ్గించి పుచ్చుకొనువాని పద్దులో కలిపెడివారు. ఈ పద్ధతిని స్విట్జర్లాండు 1906లోను, జర్మనీ 1909లోను, హాలండును ఫ్రాన్సును 1918లోను గ్రహించినవి. మూలము ఒకటియే యైనను ప్రతి దేశమును దానిని తన చట్టములకును, తన భాషకును, తన ఉద్యోగుల అలవాట్లకును అనుగుణముగ మలచుకొనినది. ఒకే విత్తు వేర్వేరు నేలలలో మొలచి వేర్వేరు చెట్లయినవి.

రెండవ ప్రపంచయుద్ధానంతరము కూలివాండ్రకు సైతము జీతములు ఖాతాలలో పడుట మొదలైన పిమ్మట ఈ భేదములు మరింత గట్టిపడినవి. ఫ్రెంచివారు చెక్కును ప్రాణసమానముగ చూచుకొనిరి. ఆ దేశమున బ్యాంకు ఉచితముగ ఇచ్చు చెక్కు పుస్తకము లేని యిల్లు అరుదు. జర్మనులు చెక్కును అంతగా ఆదరింపక, అద్దెను నెలనెలా పంపు స్థిరాదేశమునందును, విద్యుత్తు కంపెనీయో బీమా కంపెనీయో తనకు రావలసినదానిని ఖాతాదారు ఖాతానుండి తానే రాబట్టుకొను పద్ధతియందును ప్రీతి చూపిరి. ఈ రెండవదానినే మనము డైరెక్టు డెబిటు అనుచున్నాము. డచ్చివారి యిండ్లకు బిల్లుతోపాటు ముందుగనే అచ్చువేసిన చెల్లింపు చీటి తపాలాలో వచ్చెడిది. దానిపై సంతకము చేసి బ్యాంకునకు పంపుటయే చాలు. ఇటలీలో జనులు తపాలా కచ్చేరి వరుసలో నిలబడి ముద్రిత పత్రముపై బిల్లులు కట్టుచుండిరి. ఫిన్లాండులో ప్రతి బిల్లునకు ఒక నిర్దేశసంఖ్య యుండి, వచ్చిన సొమ్ము ఏ బిల్లుకు చెందినదో యంత్రమే గుర్తించుచుండెను. ఇవి అన్నియు తమతమ దేశములలో చక్కగా నడచినవే. లోపము పద్ధతులలో లేదు. సరిహద్దు దాటగనే ఏ పద్ధతియు చెల్లకపోవుటలోనే యున్నది.

సరిహద్దు దాటవలసిన సొమ్ము మాత్రము వేరు దారిన పోయెడిది. ఆఖెన్‌లోని బ్యాంకు మాస్ట్రిక్ట్‌లోని బ్యాంకునకు పరిచితము గాదు గనుక, ఆ రెంటికిని నడుమ ఒకటి రెండు పెద్ద బ్యాంకులు ప్రతినిధులుగా నిలువవలెను. ప్రతి ప్రతినిధియు తన కూలి తాను మినహాయించుకొనును. పంపినవాడు నూరు పంపగా అందుకొనువానికి తొంబదియో అంతకు తక్కువయో చేరును. ఎంత చేరునో, ఎన్నాళ్లకు చేరునో ముందుగ చెప్పువాడు లేడు. 1973లో పదునైదు దేశములకు చెందిన 239 బ్యాంకులు కలిసి బెల్జియమున స్విఫ్ట్ అను సంఘమును స్థాపించి, 1977నుండి తంతివార్తలకు బదులుగ ఒకే రూపముగల సందేశములను పంపుకొన నారంభించినవి. దాని వలన వార్త వేగముగ నడచినది గాని, ధనము నడుచు దారియు దారిసుంకములును తగ్గలేదు. 1968 ప్రాంతమున వచ్చిన యూరోచెక్కు పర్యాటకులకు కొంత మేలు చేసి, 2001 చివర బ్యాంకుల పూచీ తొలగుటతో అంతరించెను. 1997 జనవరిలో ఐరోపా సమాజము ఒక నిర్దేశమును వెలువరించి, దేశాంతర బదిలీకి గడువు విధించినది, ఒకే బదిలీకి రెండు చివరలను రుసుము పట్టుటను నిషేధించినది. రుసుము ఎంత యుండవలెనో మాత్రము ఆ నిర్దేశము చెప్పలేదు. ధరను గూర్చి మౌనము వహించు శాసనము ధరను తగ్గింపజాలదు గదా.

1999 జనవరిలో యూరో పద్దులలోనికి వచ్చిన మొదటి వారముననే కేంద్ర బ్యాంకులన్నియు కలిసి టార్గెట్ అను వ్యవస్థను నెలకొల్పినవి. బ్యాంకులు తమలో తాము మార్చుకొను కోట్ల యూరోలు దాని ద్వారమున నిమిషములలో సరిహద్దులు దాటిపోయినవి. ఇది సామాన్యమైన విజయము గాదు. ఒకే వడ్డీరేటు ఖండమంతట చెల్లుటకు ఇదియే ఆధారము. కాని పుస్తకమునకు ఇరువది యూరోలు పంపు విద్యార్థి, కూతురికి ఖర్చులు పంపు తండ్రి ఆ రాజమార్గమున నడువరాదు. వారికై ఎవ్వరును దారి వేయలేదు.

ఈ అన్యాయముపై తిరుగుబాటు బ్యాంకులలో పుట్టలేదు, బ్రస్సెల్స్‌లో పుట్టినది. అప్పటి అంతర్విపణి కమీషనరు ఫ్రిట్స్ బోల్కెస్టైన్, స్వభావముచే వ్యాపారస్వేచ్ఛావాది యయ్యును, బ్యాంకులు పదేండ్లుగ వాగ్దానములతో కాలము గడపుచున్నవని విసిగి, ధరపైననే శాసనము చేయ బూనుకొనెను. బ్యాంకులు ఘోషించినవి, ఖర్చుకంటె తక్కువ ధరకు పని చేయుమనుట అధర్మమనిరి. వారి మాటలో సత్యము లేకపోలేదు. దేశాంతర బదిలీకి చేతితో చేయవలసిన పని నిజముగనే అధికము. అయితే ఆ పని అట్లు మిగిలియుండుటకు కారకులును వారే. 2001 డిసెంబరు 19వ తేదీన వెలువడిన 2560 సంఖ్యగల ఆ శాసనము ఒక్క సూత్రమును చెప్పినది: యూరోలలో చేయు చెల్లింపునకు స్వదేశమున ఎంత రుసుమో పొరుగుదేశమునకును అంతియే. 2002 జూలై 1వ తేదీనుండి కార్డులకును నగదు యంత్రములకును, 2003 జూలై 1వ తేదీనుండి ఖాతా బదిలీలకును అది వర్తించినది. మొదట 12,500 యూరోల వరకును, 2006 నుండి 50,000 యూరోల వరకును ఈ సమత్వము చెల్లినది.

ఈ శాసనము యొక్క నేర్పు గమనింపదగినది. అది బ్యాంకులను పద్ధతులు మార్చుమని ఆజ్ఞాపింపలేదు. పాత పద్ధతిలో నష్టమును మాత్రము వారి నెత్తిన పెట్టినది. ఇరువది యూరోల ఖర్చుగల పనికి ఇరువది సెంట్లు పుచ్చుకొనవలసివచ్చిననాడు ఖర్చును తగ్గించుకొను తెలివి దానంతట అదియే పుట్టును. శాసనము వెలువడిన ఆరు నెలలలో, 2002 జూనులో, ఐరోపా చెల్లింపుల మండలి బ్రస్సెల్స్‌లో ఏర్పడినది. నలువదిరెండు బ్యాంకులును, వాణిజ్య, సహకార, పొదుపు బ్యాంకుల సమాఖ్యలు మూడును, యూరో బ్యాంకింగు సంఘమును కలిసి ఒక శ్వేతపత్రము ప్రకటించి, యూరో చెల్లు ప్రదేశమంతయు ఒకే చెల్లింపుల ప్రాంతముగ చేయుదుమని పూనిక వహించిరి. సెపా అను పేర ప్రసిద్ధమైన ఏకయూరో చెల్లింపుల ప్రాంతమునకు ఇది శంకుస్థాపన. 2003 ఏప్రిల్‌లో ఖండమంతటికిని చెల్లు మొదటి క్లియరింగు యంత్రశాల, స్టెప్2 అను పేర, పని ప్రారంభించినది.

ఏకీకరణమునకు ప్రథమోపకరణము ఖాతా సంఖ్య. ప్రతి దేశపు ఖాతా సంఖ్యకును ఒక రూపు, ఒక పొడవు ఉండుటచే జర్మను గుమాస్తాకు ఫ్రెంచి సంఖ్య చూచినచో తప్పొప్పులు తెలియవు. పాత సంఖ్యలను చెరిపి క్రొత్తవి ఇచ్చుటకు ఏ దేశమును సమ్మతింపదు గనుక, పాత సంఖ్యను అట్లే యుంచి, దానికి ముందు దేశనామాక్షరములు రెండును, పరీక్షాంకెలు రెండును తొడిగిరి. ఇదియే ఐబాన్, 1997లో అంతర్జాతీయ ప్రమాణమైనది. నార్వేలో దీని పొడవు పదునైదు, హాలండులో పదునెనిమిది, జర్మనీలో ఇరువదిరెండు, ఫ్రాన్సులో ఇరువదియేడు, మాల్టాలో ముప్పదియొకటి.

ఆ పరీక్షాంకెల పనితనమును దగ్గరగ చూచినగాని దాని సొగసు తెలియదు. పాఠ్యపుస్తకములలో ఉదాహరణముగ వాడు జర్మను ఐబాన్ ఒకటి కలదు: డి, ఇ అను అక్షరములు, పిమ్మట 89, పిమ్మట బ్యాంకు సంఖ్య 37040044, పిమ్మట ఖాతా సంఖ్య 0532013000. యంత్రము మొదటి నాలుగింటిని తీసి చివర పెట్టును; రోమను వర్ణమాలలో మొదటి అక్షరమునకు 10, రెండవదానికి 11 చొప్పున లెక్కించి డి స్థానమున 13, ఇ స్థానమున 14 వ్రాయును. అప్పుడు 370400440532013000131489 అను మహాసంఖ్య ఏర్పడును. దానిని 97తో భాగించినచో శేషము సరిగా ఒకటి రావలెను. చదువరులు కాగితముపై చేసి చూడవచ్చును, వచ్చును. ఎక్కడనైన ఒక్క అంకె తప్పు పడినను, ప్రక్కప్రక్కన నున్న రెండంకెలు తారుమారైనను శేషము మారిపోయి, సొమ్ము ఖాతానుండి కదలకముందే తప్పు పట్టుబడును. ఈ తొంబదియేడు విద్య క్రొత్తగ కనిపెట్టినది గాదు. ఫ్రెంచి, బెల్జియను ఖాతా సంఖ్యల చివరి రెండంకెలు అదివరకే ఆ లెక్కతో నడచుచుండినవి. రెండు దేశముల గుమాస్తాల నేర్పు ఇట్లు ఖండమంతటికిని సంక్రమించినది.

సంఖ్యలు కుదిరినవి; అంతకంటె చిక్కైనది నమ్మకము కుదురుట. బదిలీ విషయమున తగవు స్వల్పము, ఏలయన సొమ్ము గలవాడే పంపుచున్నాడు. డైరెక్టు డెబిటు విషయమున రాబట్టుకొనువాడు ఎదుటివాడు. అతనికి ఆ యధికార మిచ్చు అనుమతిపత్రము ఎవని పెట్టెలో నుండవలెనను ప్రశ్న ఏండ్లతరబడి సభలను కలతపెట్టినది. జర్మనీలో గృహస్థుడు విద్యుత్తు కంపెనీకే సంతకము చేసియిచ్చును. పత్రము కంపెనీ బీరువాలో నుండును. బ్యాంకు దానిని కంటితోనైన చూడదు. కంపెనీ అడిగినంత ఇచ్చివేయును. గృహస్థునకు రక్ష ఏమనగా, తరువాత అభ్యంతరము చెప్పినచో బ్యాంకు మారుమాటాడక సొమ్ము తిరిగి వేయును. ఫ్రాన్సు, బెల్జియము, ఇటలీ దేశములలోనో, అనుమతి గృహస్థుని బ్యాంకునకే ముందుగ చేరవలెను. చేరని యెడల బ్యాంకు రాబడిని అంగీకరింపదు. ఒకచోట రక్ష ముందున్నది, ఒకచోట వెనుక నున్నది. జర్మనునకు బెల్జియను పద్ధతి కాలవ్యయముగ తోచెను. బెల్జియనునకు జర్మను పద్ధతి ఇంటి తాళము వీధిలో పెట్టినట్లు తోచెను.

కడకు జర్మను మార్గమే గెలిచినది. పత్రము రాబట్టుకొనువాని వద్దనే యుండును. ప్రతి పత్రమునకును ఒక విశిష్టసంఖ్యయు, ప్రతి రాబడిదారునకును ఒక గుర్తింపుసంఖ్యయు నుండవలెను. ఆ రెండును ప్రతి రాబడితో కూడ పంపవలెను. సొమ్ము పోయిన ఎనిమిది వారములలోపల ఖాతాదారు కారణము చెప్పకయే దానిని వెనుకకు రప్పించుకొనవచ్చును; అనుమతియే లేని రాబడి యైనచో పదుమూడు మాసములవరకు గడువు. అది చాలదని భావించినవారికై తరువాతి శాసనము మరికొన్ని హక్కులు చేర్చినది: ఫలానావారు తప్ప ఇతరులు తన ఖాతాను ముట్టరాదనియో, ఇంత మొత్తమునకు మించి తీయరాదనియో ఖాతాదారు తన బ్యాంకునకు ఆజ్ఞ యియ్యవచ్చును. గెలిచినవాని పద్ధతిలో ఓడినవాని భయమునకు సమాధానము పొందుపరచిన ఈ కూర్పును ఈ చరిత్ర అంతటిలోను ఉత్తమమైన పనిగా నేనెంచుదును.

2007 నవంబరులో చెల్లింపు సేవల నిర్దేశము వెలువడి అన్ని దేశముల చట్టములకును ఒకే పునాది నిచ్చినది. 2008 జనవరి 28వ తేదీన సెపా ఖాతాబదిలీ మొదలైనది. 2009 నవంబరు 2వ తేదీన సెపా డైరెక్టు డెబిటు మొదలైనది. తలుపులు తెరచుకొనినవి గాని లోనికి వచ్చువారు లేరైరి. బ్యాంకులు క్రొత్త వస్తువును బల్లపై పెట్టి, పాతదానిని గూడ ప్రక్కనే యుంచినవి. ఏ కంపెనీ గణకుడు తన లక్ష ఖాతాదారుల సంఖ్యలను, నడచుచున్న యంత్రములను, బలవంతము లేకుండ మార్చుకొనును? పైగా కొన్ని విషయములలో క్రొత్తది పాతదానికంటె ఇరుకైనది గూడ. జర్మను పద్ధతిలో బదిలీతోపాటు ఇరువదియేడేసి అక్షరముల పంక్తులు పదునాలుగువరకు వ్రాసి పంపవచ్చును, అనగా 378 అక్షరములు. సెపాలో 140 మాత్రమే. ఒకే బదిలీతో పది బిల్లులు తీర్చు వర్తకునకు ఇది చిన్న సంగతి గాదు. బ్యాంకుల స్వచ్ఛంద సమ్మతిచేతనే ఏకత్వము సిద్ధించునని ఐరోపా కేంద్ర బ్యాంకు మొదట ఆశించినది. సంవత్సరములు గడచిన కొలది ఆ ఆశ సడలినది. రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన నడపు ఖర్చును చూచి, తుదకు బ్యాంకులే గడువు విధింపుడని అడుగు స్థితికి వచ్చినవి.

2012 మార్చిలో వెలువడిన 260 సంఖ్యగల శాసనము ఆ గడువును విధించినది: 2014 ఫిబ్రవరి 1వ తేదీ తరువాత యూరో దేశములలో పాత బదిలీ, పాత డెబిటు చెల్లవు. నడచుచున్న పాత అనుమతిపత్రములు మాత్రము చెల్లుననియు, కోట్లాది గృహస్థులచే మరల సంతకములు చేయింపనక్కరలేదనియు అందొక నిబంధన నుంచిరి. ఆ ఒక్క వాక్యము లేకున్నచో సెపా కాగితపు గుట్టలక్రింద అణగిపోయియుండెడిది. పెద్ద కంపెనీలు సిద్ధపడినవి. వెనుకబడినవారు చిన్నవారు. జర్మనీలో ఊరూర నుండు వ్యాయామసంఘములు, గానసమాజములు సభ్యుల చందాను డైరెక్టు డెబిటుతోనే రాబట్టుకొనుచుండినవి. అట్టి సంఘపు కోశాధికారి, సాయంకాలపు తీరికలో లెక్కలు చూచు ఉపాధ్యాయుడో పింఛనుదారో, ఇప్పుడు జర్మను కేంద్ర బ్యాంకునుండి గుర్తింపుసంఖ్య తెచ్చుకొని, ప్రతి సభ్యునకు పత్రసంఖ్య నిచ్చి, పాత సంఖ్యలను ఐబానులుగ మార్చి, ప్రతివానికి ముందుగ జాబు వ్రాయవలసివచ్చెను. 2013 నవంబరునాటికి యూరో ప్రాంతమున బదిలీలలో సుమారు మూడింట రెండు వంతులును, డెబిటులలో నాలుగింట ఒక వంతును మాత్రమే క్రొత్త పద్ధతికి మారినవి. గడువునకు మూడువారములు ఉన్నదనగా, 2014 జనవరి 9వ తేదీన, కమీషనరు మిషెల్ బార్నియే మరి ఆరునెలల వెసులుబాటును ప్రతిపాదించెను. ఆగస్టు 1వ తేదీకి పని పూర్తియైనది. గడువును పొడిగించుట దౌర్బల్యమని కొందరనిరి. ఫిబ్రవరిలో జీతములును అద్దెలును ఆగిపోయియుండినచో సామాన్యుడు ఈ ఏకీకరణమును ఎన్నటికిని క్షమించియుండడు; ఆ నిర్ణయము సరియైనదని నా యభిప్రాయము.

కార్డుల కథ ఇంత శుభముగ ముగియలేదు. అమెరికా కంపెనీలకు దీటుగ ఒక ఐరోపా కార్డును నిలుపవలెనని మోనే అను పేర కొన్ని బ్యాంకులు చేసిన యత్నము ఆదాయము ఎట్లు వచ్చునో తేలక 2012లో ఆగిపోయినది. నేటికిని ఆ లోటు తీరలేదు.

శాసనముతోనే అలవాటు చచ్చిపోదు. ఏ దేశపు ఐబానుతోనైనను చెల్లింపు నంగీకరింపవలెనని 2012 శాసనపు తొమ్మిదవ అధికరణము స్పష్టముగ చెప్పుచున్నను, పరదేశపు అక్షరములతో మొదలగు సంఖ్యను చూచి త్రోసిపుచ్చు యజమానులు, టెలిఫోను కంపెనీలు, అద్దెయిండ్లవారు నేటికిని కలరు. దీనిని ఐబాన్ వివక్ష అనుచున్నారు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములనుండి జర్మనీకి చదువులకై పోవు మన విద్యార్థులకు ఈ సంగతి పుస్తకజ్ఞానము గాదు. లిథువేనియాలోనో హాలండులోనో నమోదైన ఫోను బ్యాంకులో సులువుగ ఖాతా తెరచుకొని, ఆ సంఖ్యను ఇంటివానికో జిమ్మునకో ఇచ్చినపుడు, జర్మను సంఖ్య తెమ్మను జవాబు వినినవారున్నారు. అట్టివారు ఆ తొమ్మిదవ అధికరణమును పేర్కొని వ్రాతపూర్వకముగ అడుగవచ్చును. తిరస్కరించుటకు ఎదుటివానికి హక్కు లేదు. ఫిర్యాదు స్వీకరించు అధికారి ప్రతి సభ్యదేశమునందును కలడు.

ఇక వేగము. 2012 నుండి బదిలీ మరునాటి పనిదినము ముగియులోపల చేరవలెనని నియమమైనది. 2017 నవంబరులో తక్షణ బదిలీ అను క్రొత్త పద్ధతి వచ్చి, పగలనక రేయనక, ఆదివారమనక పండుగనక, పది సెకండ్లలో సొమ్ము చేరుటకు ఏర్పాటు చేసినది. మరుసటి యేట ఐరోపా కేంద్ర బ్యాంకు సైతము టిప్స్ అను పేర తన వ్యవస్థను నిలిపినది. 2016లో యూపీఐ మొదలిడి, నేడు కూరగాయల బండివద్దను దానినే వాడుకొనుచున్న మన జనులకు ఈ వేగము ఆశ్చర్యము గొలుపదు. ఐరోపాలో మాత్రము పాత కథయే మరల నడచినది. చేరుట చేరకపోవుట బ్యాంకుల ఇష్టమైనందున కొన్ని చేరినవి, కొన్ని చేరలేదు, కొన్ని అధిక రుసుము పట్టినవి. ధరతో మొదలైన పాఠమును పాలకులు ఈసారి వేగముగ జ్ఞప్తికి తెచ్చుకొనిరి. 2024లో చేసిన శాసనము యూరో ప్రాంతపు బ్యాంకులన్నియు 2025 జనవరి 9వ తేదీనుండి తక్షణ బదిలీని స్వీకరింపవలెననియు, అక్టోబరు 9వ తేదీనుండి పంపవలెననియు, మామూలు బదిలీకంటె దానికి ఒక్క సెంటైనను అధికముగ పట్టరాదనియు విధించినది.

ఆ శాసనముననే మరియొక విధి కలదు. ఈ చరిత్రలో జరిగిన ఒక నష్టమును అది పూరించుచున్నది. పూర్వము జర్మను బ్యాంకులు వచ్చిన బదిలీపై నున్న పేరును, ఖాతాదారు పేరును సరిపోల్చి చూచిన పిదపనే సొమ్ము జమకట్టుచుండినవి. 2007 నాటి నిర్దేశము, యంత్రముల వేగమునకు పేరు అడ్డమని తలచి, సంఖ్య సరిపడినచో చాలునని నిర్ణయించినది. 2009 నవంబరునుండి, పేరు వేరైనను సంఖ్య ననుసరించి జమకట్టిన బ్యాంకు దోషి కాదు. తొంబదియేడు విద్య అంకెల తప్పును పట్టగలదు గాని, పుచ్చుకొనువాడు ఎవరో ఎరుగదు. మోసగాడు బిల్లుమీద తన సంఖ్యను అచ్చువేసి వర్తకుని పేరు పెట్టినచో, శేషము ఒకటియే వచ్చును, సొమ్ము మోసగానికే పోవును. పది సెకండ్లలో పోవు సొమ్మును వెనుకకు తెచ్చుట దుస్తరము. ఈ ప్రమాదము నెరిగి డచ్చి బ్యాంకులు 2017 నుండియే పేరును సంఖ్యతో సరిపోల్చి పంపువానికి చూపుట మొదలుపెట్టినవి. 2025 అక్టోబరు 9వ తేదీనుండి యూరో ప్రాంతమునందలి ప్రతి బ్యాంకును, బదిలీకి ముందే, పేరు ఆ సంఖ్యతో సరిపోయినదో, కొంత సరిపోయినదో, సరిపోలేదో, రుసుము లేకుండ పంపువానికి తెలుపవలసియున్నది.